పొయ్యి బయట

బొత్తాం మీద బొటనవేలు నొక్కిపట్టి ఇస్తారి మనసులో ముప్పై దాకా లెక్కపెట్టాడు. తర్వాత వేలు మెల్లగా, నిద్రపోయిన పిల్ల తల కింద నుంచి చెయ్యి లాగినట్టు, పైకి తీశాడు. బాయిలర్ చిన్న కిటికీలో గోరంత నీలి మంట కదలకుండా నిలబడింది.

"మండుతున్నది గద, అవ్వా," అన్నాడు.

ఆదెమ్మ స్నానాల గది గడప అవతలే నిలబడింది. లోపలికి అడుగు పెట్టలేదు.

"నువ్వున్నంతసేపూ మండుద్ది బాబూ. నువ్వెళ్ళాక మా పిల్ల నెత్తిన పది చెంబులు పడేసరికి ఆరిపోద్ది. నిన్నా అంతే, మొన్నా అంతే. ఇంకోటి, నన్ను అవ్వా అనమాకు. నాకు యాభై రెండే."

"మా దిక్కు తల్లిని గట్లనే అంటరు."

"మీ దిక్కేమో గానీ, మా నరసాపురంలో అవ్వంటే కాటికి కాళ్ళు చాపిన మనిషి."

ఇస్తారి నవ్వి, పానా సంచిలో వేసుకున్నాడు. ఈ అరబ్బు దేశంలో, రువీ అనే పేటలో ఆస్పత్రి నర్సుల కోసం కొత్తగా కట్టిన వరసలో అది రెండో ఇల్లు. నర్సు మణికుమారికి పన్నెండు రోజుల కిందట కాన్పయింది. భర్త ప్రేమచంద్ సలాలాలో, అక్కడి ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తాడు. పురుటి పనంతా ఆదెమ్మదే. ఆమెదీ మణికుమారిదీ ఒకే ఊరు, ఒకే చర్చి. అదే ఆస్పత్రిలో ఆయా. ఉన్న సెలవంతా ఒక్కసారే పెట్టి ఇక్కడికొచ్చి ఉంటోంది.

"మేట్రన్ నన్నే అంటంది," ఆమె గొంతు తగ్గించింది. "ముసల్ది తడిచేతుల్తో తిప్పేస్తందంట. రెండుసార్లు అందరి ముందూ అంది. నేను ఆ పెట్టె జోలికే వెళ్ళను బాబూ. దాన్ని చూస్తేనే నాకు భయం."

ఈ పెట్టె ఇస్తారికీ భయమే. పోయిన నెల దాకా అతను అల్ అమెరాత్ దారిలో పైపుల కోసం కందకం తవ్వాడు. అక్కడి నేలను తవ్వడమంటే రాతిని బతిమాలడమే. ఇనాయత్ మేస్త్రి ఎందుకో అతని చేతుల్ని చూసి, "నీకు పానా పట్టొస్తది" అని పక్కన పెట్టుకున్నాడు. ట్రయల్ మీద. ఒంటరిగా అప్పజెప్పిన మొదటి పని ఈ బాయిలర్. గురువారం లోపల ఇది నిలబడితే ఫిట్టర్. లేకపోతే శనివారం పొద్దున మళ్ళీ పార.

పెట్టె సంగతి ఇనాయత్ ఒక్కసారే చెప్పాడు. చిన్న మంట ఎప్పుడూ మండుతూ ఉండాలి. దాని సెగలో ఒక రాగి పుల్ల నిలబడి ఉంటుంది. అది వేడెక్కేదాకా బొత్తాం నొక్కిపట్టాలి. పుల్ల వేడిగా ఉన్నంతసేపే గ్యాసు తలుపు తెరిచి ఉంటుంది. మంట ఆరి పుల్ల చల్లబడిందా, తలుపు దానంతటదే మూసుకుంటుంది. ఇస్తారి దానికి మనసులోనే కాపలా పుల్ల అని పేరు పెట్టుకున్నాడు. సోమవారం ఆ పుల్ల మార్చాడు. ఇవాళ మంగళవారం, చిన్న మంట వచ్చే ఇత్తడి ముక్కు విప్పి, సన్న తీగతో పొడిచి, పెదవుల మధ్య పెట్టుకుని ఊదాడు. ఊదుతుంటే బుగ్గలు వాటంతటవే ఒక పద్ధతిలో పొంగాయి. పెదవులు కుడివైపుకి కొంచెం లాగినట్టయ్యాయి. ఆ మొహం తనది కాదని, ఊదుగొట్టం పట్టుకున్న తల్లి రాములవ్వదని అతనికి తెలిసింది. ఎవరైనా చూశారేమోనని తల తిప్పాడు. ఆదెమ్మ చూస్తూనే ఉంది.

"ఇప్పుడు నీళ్ళు పోసుకోమను అమ్మా. నేను ఎనుక కూసుంట."

వెనక పెరట్లో గ్యాసు సిలిండర్ పక్కన ఒక బకెట్ బోర్లించుకుని కూర్చున్నాడు. ఎదురుగా చెట్టూ చేమా లేని గోధుమరంగు కొండలు. జనవరి గాలి వాటి మీది దుమ్ముని రేపి తెచ్చి పెరట్లో పోస్తోంది. లోపల తలుపు మూసిన చప్పుడైంది, ఏదో ఈడ్చిన చప్పుడు, తర్వాత నీళ్ళు. పసుపు వాసన, కుంకుడుకాయ వాసన, వాటి వెనక నెమ్మదిగా సాంబ్రాణి.

ఆ వాసనలకు ఇస్తారి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఒద్దికగా కూర్చున్నాడు. వాళ్ళ ఊళ్ళో బాలింతలకు నీళ్ళు పోసేది రాములవ్వే. ఈ నెలాఖరుకి తన భార్య గౌరవ్వకు నెలలు నిండుతాయి. రాములవ్వ ఈసారి సొంత కోడలికి పోస్తుంది. తను చూడడు. చూడకపోయినా, తను కట్టించిన గదిలోనే పోస్తుంది. ఆ తలపు వచ్చినప్పుడల్లా అతనికి ఛాతీలో ఏదో కొంచెం పెరిగినట్టుండేది. మూడు వారాల కిందట కూర్చుని రెండు పేజీలు రాశాడు. స్లాబు వేసిన కొత్త అర్రలోనే స్నానం చేయించాలి. చలికాలం, వాకిట్లో కాగు పెట్టి మోయకండి. కుంపటి లోపలే పెట్టుకోండి. మేస్త్రి వదిలిన కంతలు గోనెతో మూయించండి. ఇనుప తలుపు బిర్రుగా వేసుకోండి. చివర, ఇక్కడి ఇండ్ల లెక్కనే, అని రాశాడు. ఆ మాట రాశాక కలం పక్కన పెట్టి దాన్నే కాసేపు చూసుకున్నాడు.

గోడ అవతల నీళ్ళ చప్పుడు ఆగింది. ఆదెమ్మ గొంతు వినబడింది.

"చచ్చింది. మళ్ళీ ఆరింది."

బుధవారం గాలి మీద అనుమానం వచ్చింది. పైకెక్కి, పెట్టె నుంచి బయటికొచ్చిన పొట్టి పొగగొట్టానికి రేకు టోపీ పెట్టాడు. సిలిండర్ మార్చాడు. రబ్బరు పైపు వెంట సబ్బు నురగ రాసి బుడగల కోసం వెతికాడు. గదిలో నిలబడి చూశాడు. పైకప్పు దగ్గర ఇటుకంత గాలి కంత పక్క సందులోకి తెరిచి ఉంది, శుభ్రంగా. తలుపు తీసే ఉంచి కొళాయి తిప్పి అరగంట వేడినీళ్ళు వదిలాడు. మంట పువ్వులా నిలబడింది. అతను బయటికెళ్ళి బకెట్ మీద కూర్చున్నాడు. తలుపు మూసుకుంది. ఇరవై నిమిషాల్లో ఆరింది.

తను చూస్తున్నప్పుడు మండి, చూడనప్పుడు ఆరిపోయే వస్తువు మనిషిని లోపలి నుంచి తినేస్తుంది. తన మొహం చూసి అది నాటకమాడుతోందా అనిపించింది. ఈ పిచ్చి ఆలోచన తనదేనా అని కూడా అనిపించింది. కందకంలో ఇలాంటివి ఉండేవి కావు. రాయి ఎవరు చూసినా రాయే.

ఖురం బంగళాల నుంచి పికప్‌లో వచ్చిన ఇనాయత్ దిగకుండానే విన్నాడు. అతనిది బోధన్. తెలుగు, ఉర్దూ ఒకే సంచిలో పోసుకుని మాట్లాడేవాడు.

"క్యా ఇస్తారీ, ఇదేమన్న పెళ్ళిచూపులా? మూడు దినాలు దాని మొహం చూసుకుంట కూసున్నవ్."

"నేనున్నప్పుడు మండుతున్నది, భాయ్."

"అయితే నిన్నే ఆడ మేకు కొట్టి పోత." అతను డాష్‌బోర్డులో వెతికి మూరెడు జీఐ ఇనుప తీగ బయటికి తీశాడు. "ముసల్ది తిప్పుతున్నదట గద, మేట్రన్ చెప్పింది. ఏదైనా సరే, బొత్తాం వత్తి దీంతోని కట్టెయ్. పుల్లతోని పనే ఉండది. గ్యాసు వస్తనే ఉంటది, మంట మండుతనే ఉంటది. ఖతమ్. నాకు ఖురంల పదకొండు బాయిలర్లున్నయ్."

"మంట ఆరితే గ్యాసు ఆగదు కదా, భాయ్."

"ఎందుకారుతది? కొత్త పుల్ల, కొత్త సిలిండర్." ఇనాయత్ అతని వంక కొంచెంసేపు చూశాడు. అందులో కోపం లేదు, అలసట ఉంది. "రేపు మధ్యాహ్నం జొహర్ నమాజ్ తర్వాత వస్త. మండుతుండాలె. లేకపోతే నా చేతిల ఏం లేదు."

ఇస్తారి తీగ చుట్ట చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

గురువారం పొద్దున అతను పెట్టె ముందు నిలబడి తీగ తీశాడు. ఒక కొస బొత్తాం మీద పెట్టి, రెండో కొస వెనక గోడకున్న మేకు వైపు లాగి, కొలత చూసుకున్నాడు. రెండు మెలికలు చాలు. వేళ్ళు ఆ పని చేసెయ్యడానికి సిద్ధంగా ఉన్నాయి. గడప దగ్గర ఆదెమ్మ అడిగింది:

"అదేంటి బాబూ?"

"ఏం లేదమ్మా." తీగ మళ్ళీ జేబులో పెట్టాడు. ఆమె అడిగినందుకు కాదు. చెప్పడానికి నోరు రాని పనిని చెయ్యి చెయ్యలేకపోయింది. "అమ్మా, ఒక్కటి అడుగుత. కోప్పడకు. బాలింతకు నీళ్ళు పోసేటప్పుడు లోపల ఏమేం చేస్తరో అన్నీ చెయ్యి. ఒక్కటి గూడ ఇడువకు. ఆ అమ్మ బదులు నేను కూసుంట."

ఆదెమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మగాడివి, బాలింత పీట మీద కూర్చుంటావా?"

పక్క గదిలోంచి మణికుమారి గొంతు నీరసంగా వచ్చింది. "కూర్చోనీ పిన్నీ. నాకు తల పగిలిపోతోంది. నాలుగు రోజులై స్నానం సగంలోనే లేస్తున్నాను."

"సరే, నీ ఖర్మ. ఇవాళ బాలింతవి నువ్వే," అంది ఆదెమ్మ. నవ్వుతూనే కొంగు బిగించింది. "చలిగాలి తగిలితే వాతం చేసుద్ది, జాగ్రత్త."

ఆమె పని మొదలుపెట్టాక నవ్వు పోయింది. చేతులు ఎవరి కోసమో చూడకుండా వరసగా కదిలాయి. పీట వేసింది. బకెట్ కొళాయి కింద పెట్టింది. చిన్న కుంపటిలో బొగ్గులు రాజేసి, సాంబ్రాణి చల్లి మూలన పెట్టింది. స్టూలెక్కింది. తన పాత చీర చింపి చుట్టిన రెండు గుడ్డ ఉండల్ని గాలి కంతలో కూరింది, వేళ్ళతో అంచులు సర్ది, చిల్లు లేదని చెయ్యి అడ్డం పెట్టి చూసుకుంది. బయటికెళ్ళి తలుపు మూసి, దాని కింద సందులోకి అవతలి నుంచి తడి గోనె తోసింది.

ఆ గుడ్డ ఉండల్ని ఇస్తారి ఇదివరకు చూశాడు. పెరట్లో తీగ మీద ఆరుతుంటే.

కొళాయి తిప్పాడు. పెట్టెలో పెద్ద మంట గుప్పున లేచింది. ఆవిరి కమ్ముకుంది. పీట మీద మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, చిన్న కిటికీ వంక చూస్తూ కూర్చున్నాడు. మొదట ఏమీ లేదు. నీలి మంట, నీళ్ళ చప్పుడు. తర్వాత సాంబ్రాణి వాసన చిక్కబడింది. గోడల రంగు కనిపించడం మానేసింది. ఎక్కడో వాకిట్లో వేపపుల్లలు చిటపటమంటున్నాయి. మసిబారిన కాగు మీద రాములవ్వ మూత జరిపింది. అక్క సమ్మక్కను పీట మీద కూర్చోబెట్టి వీపు రుద్దుతోంది. తడిక అవతల అక్క సుఖంగా మూలుగుతోంది. ఆ మూలుగు విని తను ఎందుకో సిగ్గుపడి దూరంగా జరిగాడు. ఇన్నాళ్ళూ ఆ తడిక ఎక్కడికి పోయింది? కందకాలు, రూములో ఆరు మంచాలు, పేస్లిప్పు మీద తన వేలిముద్ర లాంటి సంతకం, అన్నీ దూరంగా వెళ్ళి చిన్నవయ్యాయి. ఒళ్ళు బరువుగా, తియ్యగా ఉంది. తల పక్కకి ఒరిగింది. ఒరగనిచ్చాడు. ఇంత హాయి ఈ దేశంలో దొరకడం ఇదే మొదటిసారి అనుకున్నాడు. ఇంకొంచెంసేపు ఇలాగే ఉండాలనుకున్నాడు.

కిటికీలో మంట పసుపుగా ఉంది. అది నీలంగా ఉండాలని అతనికి తెలుసు. కానీ తెలిసినందువల్ల ఏం చెయ్యాలో తట్టలేదు. మంట పొడుగ్గా సాగి, తన చోటు నుంచి లేచి, నేల కోసం వెతికే కాలులా అటూ ఇటూ తడుముకుంది. రాగి పుల్లను వదిలేసింది.

టక్.

పెద్ద మంట పోయింది. చిన్న మంట పోయింది. నీళ్ళు మాత్రం పడుతున్నాయి.

ఆ చప్పుడుకి ఇస్తారి లేవబోయాడు. మోకాళ్ళు నిలవలేదు. గోడ పట్టుకుని, పాకినట్టే వెళ్ళి, తలుపు లాగాడు. ఆదెమ్మను దాటుకుని పెరట్లోకి వచ్చి కొండల వంక నోరు తెరిచి నిలబడ్డాడు. కణతల్లో ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది. కాసేపటికి వంగి వాంతి చేసుకున్నాడు.

"ఏంటి బాబూ? ఏమైంది?" ఆదెమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

నోరు కడుక్కుని అక్కడే మట్టిలో కూర్చున్నాడు. పెట్టెకు ఏ రోగమూ లేదు. మొదటి రోజు నుంచీ లేదు. గదిలో గాలి అయిపోయినప్పుడల్లా అది తను చచ్చి లోపలి వాళ్ళను బయటికి పంపింది. నాలుగు రోజులూ అంతే. అతని చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. తీగ చుట్ట గట్టిగా తగిలింది.

"అమ్మా, ఆ గుడ్డలు తియ్యాలె. కంత మూస్తే మంటకు గాలి ఉండది. మనకూ ఉండది."

"గాలొస్తదనేగా మూసింది. పచ్చి బాలింత."

"మీ ఊళ్ళె నీళ్ళు ఎక్కడ కాగేటియి?"

"అరుగు మీద. రాగి బాయిలరు. కాగాక బిందెలతో..." ఆదెమ్మ ఆగిపోయింది. చెంబు కింద పెట్టింది. "అరుగు మీద," అని మళ్ళీ అంది, ఈసారి తనకే చెప్పుకుంటున్నట్టు.

మణికుమారి బిడ్డను భుజాన వేసుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చి అంతా వింది. మొహంలో రక్తం లేదు.

"వార్డులో అయితే నేనే కిటికీలన్నీ తీయించేదాన్ని," అంది నెమ్మదిగా. "ఇక్కడ పీట మీద కూర్చుని, పిన్ని నెత్తిన నూనె పెడితే... నేను నర్సునన్నదే గుర్తు రాలేదండీ. తలనొప్పి వస్తుంటే నీరసమనుకున్నాను."

"నేనూ లేవబుద్ధి కాలేదమ్మా," అన్నాడు ఇస్తారి. అది చెబుతుంటే సిగ్గేసింది.

ముగ్గురూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ముందు కంత తెరిచి, తలుపు తీసి, పెద్ద డ్రమ్ము నిండా వేడినీళ్ళు పట్టుకోవాలి. మంట పూర్తిగా ఆర్పి, గదిలో గాలి ఆడాక అప్పుడు మనిషి లోపలికి వెళ్ళాలి. సాంబ్రాణి కుంపటి వరండాలో. అప్పుడు కంత మూసుకున్నా ఫరవాలేదు. ఆదెమ్మ అన్నిటికీ తల ఊపింది. తర్వాత వరండా మెట్టు మీద కూర్చుని, గుడ్డలు కూరిన చేతుల్నే తిప్పి తిప్పి చూసుకుంది.

"మేట్రన్ అన్నది నిజమేనన్నమాట. నేనే ఆర్పాను."

"నువ్వు ఆర్పలే. అదే ఆరింది," అన్నాడు ఇస్తారి.

జొహర్ తర్వాత ఇనాయత్ వచ్చాడు. కొళాయి తిప్పి, చేతిగడియారం చూస్తూ నిలబడ్డాడు. పావుగంట, అరగంట. మంట నీలంగా నిలబడింది. అతను వంగి బొత్తాం వెనక చూశాడు.

"తీగ ఏది?"

ఇస్తారి జేబులోంచి తీసి ఇచ్చాడు. "కట్టలే. గాలి కంత మూసుకపోయింది, భాయ్. గుడ్డ ఉండె."

"ఎవరు పెట్టిండ్రు గుడ్డ?"

గుమ్మంలో ఆదెమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంది.

"దుమ్ముగాలికి కొట్టుకొచ్చినట్టున్నది," అన్నాడు ఇస్తారి.

ఇనాయత్ ఎత్తుగా ఉన్న కంత వంక చూశాడు, ఆదెమ్మ వంక చూశాడు, ఇస్తారి పాలిపోయిన మొహం వంక చూశాడు. చేతిలో తీగను ఒకసారి విప్పి, మళ్ళీ చుట్టి, తన జేబులోనే పెట్టుకున్నాడు. పని కాగితం మీద, కంత శుభ్రం చేయబడింది, అని ఇస్తారి చేత రాయించాడు.

"శనివారం నాతోని ఖురం రా," అని పికప్ ఎక్కాడు.

ఇస్తారి ఈ మాట కోసమే మూడు వారాలుగా ఎదురుచూశాడు. అది చెవిలో పడుతున్నప్పుడు అతను వేరే గదిలో ఉన్నాడు. స్లాబు వేసిన గది. బిర్రుగా వేసిన ఇనుప తలుపు. గోనెతో మూసిన కంతలు. మధ్యలో కుంపటి. పీట మీద గౌరవ్వ సుఖంగా తల ఒరగేస్తోంది.

కుంపటికి కాపలా పుల్ల లేదు.

పరుగున తారు రోడ్డెక్కి, దొరికిన టాక్సీలో టెలిగ్రాఫ్ ఆఫీసుకి వెళ్ళాడు. కౌంటర్లో మలయాళీ గుమాస్తా హిందీలో విషయం విని, కలం ఆపాడు.

"ఇంట్లో నిప్పు అంటుకుందా?"

"లేదు సార్. అంటుకోలే. బయట పెట్టుమని చెప్పాలె."

"నిప్పునా?"

"అవును సార్. నిప్పును."

గుమాస్తా భుజాలెగరేసి ఇంగ్లీషులో రాసి చదివాడు: కీప్ ఫైర్ ఔట్‌సైడ్. ఇస్తారి దాన్ని రెండుసార్లు పలికించుకున్నాడు. రెండు పేజీలు రాసిన ఉత్తరాన్ని చెరపడానికి ఆ మూడు మాటలు చాలతాయా అనిపించింది. ఊరికి ఎప్పుడు చేరుతుందని అడిగాడు. రెండు రోజులో, మూడు రోజులో అన్నాడు గుమాస్తా.

శుక్రవారం సెలవు. రూములో అందరూ బట్టలు ఉతుక్కున్నారు. ఇస్తారి ఉతికిన చొక్కానే మళ్ళీ ఉతికాడు.

శనివారం పొద్దున పికప్ ఎక్కబోతుంటే కంపెనీ గుమాస్తా కేకేసి కవరు ఇచ్చాడు. గౌరవ్వ తమ్ముడి చేతిరాత. పది రోజుల కిందటి తారీఖు. పికప్ వెనక, పైపుల మధ్య కూర్చుని చింపాడు. నెల నిండకముందే ఆడపిల్ల పుట్టింది. సోమవారం తెల్లారి. తల్లీ పిల్లా మంచిగున్నరు. కింద, అమ్మ చెప్పింది చెప్పినట్టు రాస్తున్న, అని ఉంది.

"కొడుకా, నీ ఉత్తరం సదివిచ్చుకున్న. కుంపటి లోపట పెట్టుమన్నవ్, కంతలు మూయుమన్నవ్. నేను పెట్టలే, మూయలే. మూసిన ఇంట్ల మంట మనుషుల ఊపిరి తాగుతదని నీకు ఎన్నడు చెప్పకపోతినా. మనింట్ల పొయ్యి ఎన్నడన్న లోపటున్నదా. కొత్త అర్రల వడ్లు పోసినం, మంచిగ ఎండుగ ఉన్నయి. నీ పెండ్లాం నీళ్ళు వాకిట్లనే కాగుతున్నయి. నువ్వు రంది పెట్టుకోకు."

ఇస్తారి చదివి, ఊపిరి వదిలాడు. గురువారం నుంచీ పట్టి ఉంచిన ఊపిరి అది. పికప్ ఖురం మలుపు తిరిగింది. సముద్రం ఒక్కసారిగా కనబడింది. బిడ్డ పుట్టిందన్న వాక్యం మళ్ళీ చదివాడు. కానీ చూపు అక్కడ ఆగకుండా కిందికి జారి వడ్ల మీద నిలబడింది. తను అంగుళం అంగుళం ఊహించి కట్టించిన గది. అందులో వడ్లు. అతని మాట అక్కడ చెల్లలేదు. చెల్లనందుకే వాళ్ళు బతికున్నారు. ఆ రెండూ అతనిలో పక్కపక్కనే కూర్చున్నాయి. ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

అప్పుడు టెలిగ్రాం గుర్తొచ్చింది.

ఇవాళో రేపో చేరుతుంది. వాళ్ళ ఊళ్ళో టెలిగ్రాం అంటే ఒక్కటే అర్థం. సైకిలు మీద మనిషి వాడకట్టులోకి తిరగ్గానే గౌరవ్వ బిడ్డను ఒడిలోంచి దించి గుండెలు బాదుకుంటుంది. పొరుగువాళ్ళు చేరతారు. ఇంగ్లీషు వచ్చినవాడి కోసం ఎవరో పరిగెత్తుతారు. అతను వచ్చి, గొంతు సవరించుకుని, ఉన్న మూడు మాటలూ చదివి, అర్థం చెబుతాడు. ఏడుపులు ఆగిపోతాయి. ఎవరికీ ఏమీ అర్థం కాదు.

వాకిట్లో కాగు ముందు, పెదవులు ఒక పక్కకి లాగి ఊదుగొట్టం ఊదుతున్న రాములవ్వ మాత్రం ఊదడం ఆపి, ముందు మండుతున్న పొయ్యి వంక, తర్వాత కొడుకు పంపిన ఆ కాగితం వంక చూస్తుంది.